కీబోర్డు మీద నూనె మరక

2022 మార్చి. జగ్గయ్యపేటలో మా ఇంటి ముందుగదే నా షాపు. ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాల్లో ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండదు. చుట్టుపక్కల పల్లెల చర్చిల కీబోర్డులన్నీ ఒక్కసారే వచ్చిపడతాయి. గుడ్ ఫ్రైడేకల్లా అన్నీ పలకాలి. ఆ ఏడాది కూడా గోడ పొడుగునా నిలబెట్టి ఉన్నాయి.

ఈ పని మా నాన్న నేర్పారు. ఆయన రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసేవారు. కాలి జబ్బు వల్ల నేను బడికి పోలేదు. తెలుగు అక్షరాలు బైబిల్లో నేర్చుకున్నాను, ఇంగ్లీషు అక్షరాలు నాన్న పార్టుల డబ్బాల మీద నేర్చుకున్నాను. సరిగా నడవలేని పిల్ల చేతికి ఒక పని ఇచ్చినందుకు దేవుడికీ నాన్నకీ కృతజ్ఞత చెప్పుకున్నాకే ఇప్పటికీ పొద్దున్నే బల్ల ముందు కూర్చుంటాను.

కీబోర్డు అరగడంలో రెండు రకాలున్నాయి. ఒకటి కంటికి కనబడేది. తెల్ల కీలు ఎండకి, వేడికి పసుపెక్కుతాయి. నల్ల కీల ముక్కులు వేళ్ళు తగిలి తగిలి నున్నగా మెరుస్తాయి. బటన్ల పక్కనున్న అక్షరాలు చెరిగిపోతాయి. చర్చి కీబోర్డుల్లో అన్నిటికన్నా ముందు చెరిగేది ట్రాన్స్‌పోజ్ అన్న మాట. శ్రుతి పైకీ కిందకీ మార్చే బటన్ అది. పాట ఎత్తుకునేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో శ్రుతిలో ఎత్తుకుంటారు కదా, వాయించేవాళ్ళ వేలు ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. ఈ అరుగుదలతో శబ్దానికి ఏ నష్టమూ లేదు. రెండోది లోపలిది. ప్రతి కీ కింద రబ్బర్ కాంటాక్ట్ ఉంటుంది. చిన్న బుడిపెలాంటి రబ్బరు, దాని లోపల కార్బన్ చుక్కలు. కీ నొక్కితే ఆ చుక్కలు బోర్డుకి తగిలి స్వరం పలుకుతుంది. ఆ రబ్బరు పాడైతే స్వరం అసలు పలకదు, లేదంటే ఉలిక్కిపడేంత గట్టిగా పలుకుతుంది. మొదటి రకాన్ని చూసి రెండోదానికి కారణం చెప్పకూడదు. నాన్న ఎప్పుడూ చెప్పలేదు. నేను ఒకసారి చెప్పాను.

ముక్త్యాల రోడ్డు మీద ఒక పల్లె నుంచి యోహాను గారని అక్కడి చర్చి సంఘ పెద్ద ఆటోలో కీబోర్డు తెచ్చారు. వెనకాలే ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి దిగింది. పేరు సలోమి. ఆ చర్చిలో వాయించేది ఆమే. ఎవరూ నేర్పకుండా పాటలు విని నేర్చుకుందట. మిగతా రోజులు మిరపకోతకి వెళ్తుంది.

కీబోర్డు కొని రెండేళ్ళే అయింది. కానీ పదేళ్ళదిలా ఉంది. తెల్ల కీల సందుల్లో నల్లటి జిడ్డు. మీద చెయ్యి పెడితే వేలికి అంటుకుంది. మధ్యలో ఎనిమిది స్వరాలు పలకడం లేదు.

"చూడండి సిస్టర్, సంఘమంతా కలిసి కొన్న వస్తువు ఎలా చేసిందో," అన్నారు యోహాను గారు. "పగలంతా మిరపకాయలు కోస్తుంది, మంటకి చేతులకి నూనె రాసుకుంటుంది. ఆ చేతులే దీని మీద పెడుతుంది."

"నూనె రాసుకుంటానండి, ఎవరు రాసుకోరు?" అంది సలోమి. "కానీ ఆదివారం సబ్బుతో రెండుసార్లు కడుక్కునే వస్తా. మీ అమ్మాయి మొన్న జంతికలు తింటా దీని మీద వేళ్ళు ఆడిస్తే నేనేమన్నా అన్నానా?"

"అదిగో, ఒకటంటే రెండంటుంది." ఆయన నా వైపు తిరిగారు. "కారణం రాసివ్వండి సిస్టర్. ఈ ఆదివారం సంఘంలో చెప్పాలి. ఈమె చేతి వల్లేనంటే ఇంక ఆ కీబోర్డు కుర్చీలో కూర్చోబెట్టం."

సలోమి బల్ల దగ్గరికొచ్చి నెమ్మదిగా అంది. "అక్కా, ఆరు రోజులు నేను కూలీదాన్నే. ఆ ఒక్కరోజు అందరూ పేరు పెట్టి పిలుస్తారు. కొంచెం చూసి రాయండి."

నేను చూడలేదు. నా ఎదురుగా అన్ని కీబోర్డులున్నాయి. మిరపకోత వాళ్ళు సాయంత్రం చేతులకి నూనె రాసుకోవడం నాకు తెలిసిన సంగతే. కీల మీద నూనె ఉంది, ఆమె చేతులకీ నూనె ఉంటుంది. జాబ్ కార్డని మా దగ్గరొక చీటీ ఉంటుంది, వచ్చిన వస్తువు, ఫిర్యాదు, కారణం రాసేది. కారణం దగ్గర "వాడేవారి చేతి జిడ్డు" అని రాసి సంతకం పెట్టి ఇచ్చేశాను. ఆమె ఆ చీటీ వంక ఒకసారి చూసింది. ఆటో ఎక్కింది.

ఆ కీబోర్డు విప్పింది సోమవారం. పైమూత తీయగానే తెలిసిపోయింది. చేతి జిడ్డయితే కీల ముందు అంచున, వేళ్ళు పడేచోట పేరుకుంటుంది. ఇక్కడ ముందు అంచున ఉన్నది కొద్దిగానే. అసలు నూనె వెనక నుంచి వచ్చింది. కీలు పైమూత కిందకి దూరే సందులోంచి ధారగా దిగి, రబ్బరు మీద నిలిచి ఉంది. అరవై ఒక్క కీల కిందా అలాగే ఉంది. ఎడమ చివరి కీలు మా పాటల్లో ఎవరూ ముట్టుకోరు. వాటి నల్ల ముక్కుల మీద కొత్త గరుకుదనం అలాగే ఉంది. వాటి కింద రబ్బరు కూడా నాని ఉబ్బింది. ఆ రోడ్డున పోయే సిమెంటు లారీల దుమ్ము ఆ నూనెకి పట్టి బూడిదరంగు ముద్దయింది.

కొంచెం వేలికి తీసుకుని వాసన చూశాను. మిరపకోత వాళ్ళు రాసుకునే కొబ్బరినూనె కాదు. సన్నగా అత్తరు కలిపిన ఆలివ్ నూనె. ఆ వాసన నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. చిన్నప్పుడు నా కాలికి రాసి ప్రార్థన చేసిన నూనె అదే. ఇప్పుడూ మా అలమరలో చిన్న సీసా ఉంది.

ఆ చర్చి పాస్టరు గారికి ఫోన్ చేశాను.

"అయ్యగారూ, కీబోర్డు మీద ప్రార్థన నూనె ఏమన్నా పోస్తారా?"

"అభిషేకిస్తానమ్మా. నెలకి మొదటి ఆదివారం, ఆరాధనకి ముందు. కీబోర్డు, డ్రమ్ములు, మైకులు, అన్నిటి మీదా. ఎందుకు?"

ఆయన గొంతులో ఏ దాపరికమూ లేదు. ఆ నూనెకే రబ్బర్లు పాడయ్యాయని చెప్పాను. ఆయన అన్నారు, "నాకు తెలియక చేశానమ్మా. కానీ ఆ నూనెతో స్వస్థత పొందినవాళ్ళు మా సంఘంలో ఉన్నారు. అదే నూనె పాడుచేసిందని బయటికొస్తే వాళ్ళ విశ్వాసం ఏమవ్వాలి? నువ్వు నూనె పేరెత్తకుండా ఎలాగో సర్దు."

"నిన్న సంఘంలో చదివారాండీ నా చీటీ?"

"చదివారు. యోహాను గారు చదివారు."

నందిగామలో ఒక బ్యాండు మేళం వాళ్ళింట్లో అదే మోడల్ పాత కీబోర్డు పడి ఉందని తెలిసి బస్సులో వెళ్ళి తెచ్చాను. దాని రబ్బర్లు తీసి దీనికి వేశాను. కీలన్నీ ఊడదీసి సబ్బునీళ్ళలో కడిగాను. బోర్డుని స్పిరిట్‌తో తుడిచాను. జిడ్డు పోయాక మధ్య కీలు చూశాను. రెండేళ్ళు వాయించిన గుర్తు నల్ల కీల ముక్కుల మీద నున్నగా ఉంది. ఒక్క గీత లేదు, గోరు దిగిన గుర్తు లేదు. అంత నెమ్మదైన చెయ్యి పడిన కీబోర్డులు నా దగ్గరికి తక్కువ వచ్చాయి.

ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు నేనే దాన్ని ఆటోలో చర్చికి తీసుకెళ్ళాను. కుర్చీలో యోహాను గారి తమ్ముడి కొడుకు కూర్చున్నాడు. సలోమి వెనక వరసలో చాప మీద ఉంది, తల మీద కొంగు కళ్ళ దాకా లాక్కుని. ఆ అబ్బాయి వాయిస్తుంటే పాట ఒక శ్రుతిలో, కీబోర్డు ఇంకో శ్రుతిలో పోయాయి. అందరూ పాడుతూనే ఉన్నారు.

సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకి చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకునే సమయం అది. నేను లేచాను. "నేను ఒక తప్పు రాశాను," అన్నాను. "విప్పకుండా రాశాను. ఆ జిడ్డు సలోమి చేతిది కాదు. ఆమె వల్ల కీబోర్డు పాడవలేదు."

యోహాను గారు ముందు వరసలోంచే అడిగారు. "సంతోషం సిస్టర్. మరి నూనె ఎక్కడిది?"

నేను పాస్టరు గారి వంక చూశాను. ఆయన చేతిలో ఉన్న బైబిలు వంక చూసుకున్నారు. ఆయన ఆపితే నేను ఆగానని చెప్పుకోవచ్చు. అది నిజం కాదు. ఆ నూనె మీద మాట పడటం నాకే ఇష్టం లేదు. ఆ వాసనలో మా అమ్మ చేతులున్నాయి, నా కాలు ఉంది, నాన్న ప్రార్థన ఉంది. "అది... చెప్పలేనండి," అన్నాను.

"సరే, కూర్చోండి," అన్నారు యోహాను గారు. ఎవరో ఆడవాళ్ళు గుసగుసలాడారు. "పాపం, జాలిపడి చెప్తుందిలే," అన్న మాట నా చెవిన పడింది.

ఆరాధన అయ్యాక సలోమి ఇంటికి వెళ్ళాను. రేకుల ఇల్లు, ముందు చిన్న పందిరి. నన్ను చూసి కుర్చీ వేసింది, గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది. ఆ నీళ్ళు ఇచ్చినందుకు ఇప్పటికీ ఆమె పేరు చెప్పి ప్రార్థన చేస్తాను. నేనయితే ఇచ్చేదాన్నో కాదో.

నూనె ఎక్కడిదో ఆమెకి చెప్పాను.

"నాకు తెలుసక్కా," అంది.

"తెలుసా?"

"నెలనెలా నా కళ్ళ ముందే పోస్తారుగా. ఆయన పోసి వెళ్ళాక నేనే కొంగుతో తుడుస్తా. లోపలికి పోయిందంతా తుడవలేం కదా."

"మరి ఆ రోజు నా దగ్గర ఎందుకు చెప్పలేదమ్మా?"

నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను. "మిరపకోత దాన్ని. అయ్యగారి నూనె వల్ల పాడైందని నేనంటే నన్ను చర్చిలో అడుగు పెట్టనిస్తారా? మీరు విప్పితే మీకే కనబడుద్ది, మీరే రాస్తారనుకున్నా. చదువు తెలిసినవాళ్ళు రాస్తే నమ్ముతారు. అందుకే చూసి రాయమన్నా."

నేను గ్లాసు కింద పెట్టాను.

"ఇవాళయినా చెప్తారనుకున్నా. ఎక్కడిదని అడిగినప్పుడు మీరు ఆగారు. వాళ్ళకి ఆ ఆగడం చాలక్కా."

"మళ్ళీ వెళ్ళి చెప్తాను."

"వద్దు," అంది. "ఇంక నేను ఆ కుర్చీలో కూర్చోలేను. కూర్చున్నా అందరూ నా చేతులే చూస్తారు." రెండు అరచేతులూ ఒళ్ళో బోర్లించి పెట్టుకుంది. మిరప ఘాటుకి వేళ్ళ చివర్లు ఎర్రగా పొక్కి ఉన్నాయి.

ఆ గుడ్ ఫ్రైడేకి ఆమె వెళ్ళలేదని తర్వాత విన్నాను. ఈస్టరుకీ వెళ్ళలేదు. పాస్టరు గారికి నేను రాసిన రెండో చీటీ, నూనె సంగతి ఉన్నది, పంపాను. అది చదివినట్టు ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళలో నాలుగుసార్లు సలోమిని పలకరించాను. మర్యాదగా మాట్లాడుతుంది. పాటల సంగతి ఎత్తితే పొయ్యి దగ్గర పనుందని లేస్తుంది.

అప్పటి నుంచి నా జాబ్ కార్డులో కారణం అన్న గడి విప్పేదాకా ఖాళీగానే ఉంటుంది. ఎంత తొందరపెట్టినా అంతే. కీబోర్డు మీది మరక చూస్తే ఎవరో వాడారని తెలుస్తుంది, ఎవరు పాడుచేశారో తెలియదు. పని నాకు నేర్పిన పాఠం ఇది. రెండో పాఠం పని నేర్పింది కాదు. విప్పి చూశాక కూడా నోరు విప్పకపోతే, విప్పినా విప్పనట్టే. దేవుడు నా మీద చూపిన దయకి నేను కృతజ్ఞురాలిని, కానీ ఆయన నూనెని కాపాడమని నన్ను ఎప్పుడూ అడగలేదు. ఆ అమ్మాయిని మటుకు కాపాడమనే నా బల్ల దగ్గరికి పంపాడు.

2024లో అదే కీబోర్డు మళ్ళీ వచ్చింది. యోహాను గారే తెచ్చారు. ఈసారి నల్ల కీల మీద గోళ్ళ గీతలు, ఒక కీ అంచు విరిగి ఉంది. ఆయన్ని కూర్చోమని చెప్పి, ఎదురుగానే మూత విప్పాను. రబ్బరు మీద మళ్ళీ అదే నూనె, అదే వాసన. ఆయనకి చూపించాను. వాసన చూడమన్నాను. చూశారు.

కార్డు తీసి కారణం దగ్గర "అభిషేక తైలం" అని పెద్ద అక్షరాలతో రాశాను. కింద "2022లోనూ ఇదే కారణం. సలోమి చేతి వల్ల కాదు" అని రాసి సంతకం పెట్టాను.

"ఇలా రాస్తారా సిస్టర్?" అన్నారు.

"చూసిందే రాశానండి. పోయినసారి లాగే ఇది కూడా సంఘంలో చదవండి."

ఆయన కార్డుని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని లేచారు.