గోపురం జారిన పేజీ

ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి గుండె మీద పెట్టి, గంగమ్మ తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. మామూలు మనిషికి ఇంత ఒట్టు అక్కర్లేదు. నాకు అవసరం. తుఫానులో ఇంజను ఆగిపోతే ఒక సొరచేప మా పడవ తాడు నోట కరుచుకుని ఒడ్డు దాకా లాక్కొచ్చిందని నా పెళ్ళి పీటల మీదే చెప్పినవాణ్ణి. అప్పటినుంచి అత్తవారి ఊళ్ళో నేను టైమెంతో చెప్పినా ఇంకొకరిని అడిగి సరిచూసుకుంటారు.

అత్తవారిది శ్రీకూర్మం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. మాదీ వేట మీద బతికిన కుటుంబమే గానీ, మా నాన్న కాలంలోనే శ్రీకాకుళం వచ్చి వలలూ తాళ్ళూ అమ్మే దుకాణం పెట్టుకున్నాం. నిజానికి నేను పడవెక్కితే కడుపులో ఉన్నదంతా కక్కేస్తాను.

మావకి, అంటే నా భార్య తండ్రికి, అక్షరం రాదు. కానీ సముద్రంలో వల వేసే చోట్లు పద్నాలుగు కంఠతా వచ్చు. నీళ్ళ మీద రాళ్ళు పాతి గుర్తు పెట్టుకోలేం కదా. పడవలోంచి వెనక్కి తిరిగి ఒడ్డు చూడాలి. దూరంగా కొండ, దాని ముందు గుడిగోపురం. పడవ జరిగేకొద్దీ గోపురం ఆ కొండ కింద నడుస్తున్నట్టు ఉంటుంది. మొదటి చోటికైతే, రెండు భుజాల్లా లేచిన ఆ కొండకి కుడి భుజం కిందికి గోపురం వచ్చిందా, ఆ గీత తప్పకుండా లోపలికి పోవాలి. పన్నెండు బారల లోతు తగిలిన చోట వల దించాలి. అదే గోపురం ఎడమ భుజం కిందికి జారిందా, అడుగున బండ. వల చిరిగి చేతికొస్తుంది.

ఇలాంటి చోటు తండ్రి కొడుక్కి పడవలో కూర్చోబెట్టి చూపించాలి. అదే పద్ధతి. కానీ మా బావమరిది పదేళ్ళు గుజరాత్ బోట్లలో పనిచేసి, పోయినేడే తిరిగొచ్చాడు. అతను వచ్చేసరికి మావ చూపు మసకేసింది. శుక్లాలైతే కోసి తీసేవాళ్ళు. ఇవి నీటికాసులు, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కూడా నిలవదు అన్నాడు డాక్టరు. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త మిగిలింది.

బావమరిది పడవలో జీపీఎస్ ఉంది. మావ తన చోట్లు అందులోకి ఎక్కించనివ్వలేదు.

"ఆ డబ్బా ఈయేల నీ సేతిల ఉంటాది. రేపు సెడిపోనాదని ఒకడికిస్తావు. ఆడు ఊరందరికీ పంచీసి వస్తాడు."

సర్కారు వేట నిషేధించే రెండు నెలలూ మావ కంటి మందు కోసం మా ఇంట్లోనే ఉన్నాడు. ఆ రోజుల్లో నేను ఇంటి కంప్యూటర్లో దుకాణానికి ఒక వెబ్ పేజీ తయారుచేస్తున్నాను. ఊరికే దొరికిన సాఫ్ట్‌వేర్. కోడు రాయక్కర్లేదు. బొమ్మని మౌసుతో పట్టుకుని లాగి, కావలసిన చోట వదిలితే చాలు.

"ఆర్నెల్లయినాది దుకాణం పేజీ అంటన్నావు," అంది నా భార్య. "తాటికాయంత అచ్చరాల్తో నీ పేరు తప్ప ఏటుంది అందల? ఆ బొమ్మలు జరిపీదేదో అయ్య గురుతులకి జరపొచ్చు కదా."

మావ లేచి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

కొండ ఫోటో పైన పెట్టాను. గోపురం ఫోటో కింద పెట్టాను. మావ ముక్కు తెరకి తగిలేంత వంగాడు.

"కుడికి నెట్టు. ఇంకా. ఇంకా నెట్టరా అల్లుడా, అన్నం తిన్నేదేటి?"

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. గోపురాన్ని ఎంత లాగి వదిలినా అది మళ్ళీ ఎడమ అంచుకే పోతోంది. అందుకని దాని ముందు స్పేస్ బార్ నొక్కుతూ పోయాను. ఒక్కో నొక్కుకీ గోపురం రవ్వంత కుడికి జరిగింది.

"ఆపు!" అన్నాడు మావ. వేలు తెర మీద పెట్టి, అక్కడే ఉంచేశాడు. "సముద్దరంల పడవ కదల్తాది. నీ ఇంట్ల గోపురమే కదుల్తన్నాది."

రోజుకొక చోటు. పద్నాలుగు పేజీలు. ఆయన చెప్పిన చోట్లలో నేను నా సొంతం ఏమీ కలపలేదు. నా జీవితంలో అంత నిజాయితీగా చేసిన పని మరొకటి లేదు. ఎవరికీ చూపించనని బావమరిది చేత ఒట్టు వేయించాకే మావ ఆ పేజీలన్నీ అతని ఫోన్లోకి ఎక్కించనిచ్చాడు.

నిషేధం ఎత్తేసిన మొదటి వేటకి బావమరిది ఫోను చూసుకుంటూ మావ చెప్పిన మొదటి చోటికి పోయాడు. సగం వల బండకి ఇచ్చి తిరిగొచ్చాడు. ఒడ్డున పదిమందీ మూగారు. మావా నేనూ అక్కడే ఉన్నాం. అతను చిరిగిన వల ఇసకలో పడేసి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు:

"అయ్యకి కళ్ళే కాదు, మతీ పోనాది."

మావ వెనక్కి తిరిగాడు. ఇంటికి పోయి సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు. రెండు రోజులు అలాగే. మూడో రోజు నన్ను పిలిచి, మెల్లిగా అడిగాడు.

"నిజింగా మర్సిపోనానేటి?"

చూపు పోతుందని విన్నప్పుడు కూడా ఆయన గొంతు అలా లేదు. ఆ చోట్లు తప్ప ఆయన దగ్గర ఇంకేమీ లేదు. అవి తప్పు అని తేలితే, అరవయ్యేళ్ళ సముద్రం ఆయనది కాకుండా పోతుంది.

బావమరిది దగ్గరికి పోయి ఫోను అడిగి తీసుకున్నాను. పేజీ తెరిచాను. ఇంట్లో తెర వెడల్పు. ఫోను తెర ఇరుకు. నేను నొక్కిన ఖాళీలు ఆ ఇరుకులో పట్టక, గోపురం కింది వరసలోకి దిగి ఎడమ అంచుకి పోయింది. సరిగ్గా ఎడమ భుజం కిందికి. మావ చెప్పిన బండ మీదికి.

"తప్పు మీ అయ్యది కాదు, నాది," అన్నాను. "గోపురం జారిపోయింది."

"గోపురం జారిపోనాదా!" పక్కన వల కుడుతున్న వాళ్ళు పగలబడి నవ్వారు. బావమరిది నవ్వలేదు. "అయ్యని కాయడానికి ఇంకో కత తెచ్చినావా బావా? ఆ సొరసేపే తోసీసిందని సెప్పలేకపోనావా?"

ఇన్నేళ్ళ నా అబద్ధాలు ఆ పూట ఒక ముసలాయన మీద పడ్డాయి. సరదాకి చెప్పానని ఎవరితో చెప్పుకోను?

"అయితే నన్ను పడవెక్కించు," అన్నాను. "మావని కూడా."

మర్నాడు పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. అల దాటీ దాటకుండానే పడవ అంచు పట్టుకుని కక్కాను. మావ పడవ మధ్యలో కూర్చుని నా మణికట్టు పట్టుకున్నాడు.

"నాకు ఒడ్డు కనపళ్ళేదు. నీ కళ్ళతో సూస్తాను. ఒరే అల్లుడా, ఈ ఒక్క పాలికి ఉన్నది ఉన్నట్టు సెప్పు."

"ఎడమ భుజం కింద ఉంది మావా."

"ఇంకా పో."

"నడుమ పల్లంలోకి వచ్చింది."

ఎండ ఎక్కింది. ఇంక కక్కడానికి కూడా ఏమీ మిగల్లేదు. వచ్చేసిందని ఒక్క మాటంటే ఇంటికి పోవచ్చు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చిందని గంగమ్మకి తెలుసు.

"వచ్చినాదా?"

"ఇంకా లేదు మావా."

చాలాసేపటికి గోపురం కుడి భుజం కిందికి వచ్చి నిలబడింది. చెప్పాను. అక్కణ్ణించి బావమరిది ఆ గీత మీదే లోపలికి పోనిచ్చాడు. రాయి కట్టిన తాడు మావే వదిలాడు, బారలు లెక్కపెట్టుకుంటూ. పైకి లాగి, రాయికి అంటిన మట్టిని వేళ్ళ మధ్య నలిపాడు. బురద కాదు, గవ్వ పొడి కలిసిన ఇసక. ఆ చెయ్యి కొడుకు వైపు చాపాడు. అతను కూడా తన వేళ్ళతో నలిపి చూశాడు.

"దింపు," అన్నాడు మావ.

వల చిరగలేదు. పైకి వచ్చినప్పుడు బరువుగా వచ్చింది, అంతే. బావమరిది మొదటి చేపని తీసి తండ్రి చేతుల్లో పెట్టాడు. ఆయన తల నుంచి తోక దాకా తడిమి, "సందువ," అన్నాడు. కొడుకు పడవ తిప్పాడు. తర్వాత, ఇంజను చప్పుడు మీద వినపడేలా అరిచాడు.

"అయ్యా, రెండో సోటు ఎక్కడ?"

ఇంటికొచ్చి పద్నాలుగు పేజీలూ మళ్ళీ చేశాను. ఈసారి కొండనీ గోపురాన్నీ ఒకే బొమ్మగా అతికించాను. ఏ తెర మీద చూసినా ఇక జారవు. మావకి ఇప్పుడు వెలుగూ చీకటీ మాత్రమే తెలుస్తాయి. మా ఇంటికొచ్చినప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని, "మూడోది సూసి సెప్పు," అంటాడు. చెబుతాను. తలాడిస్తాడు.

ఇది అచ్చుకి పంపేముందు ఆయనకి చదివి వినిపించాను. కొండ దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు. తర్వాత మిగతాది చదవమన్నాడు.

గంగమ్మ మీద ఒట్టు వేశాను కాబట్టి ఒప్పేసుకుంటున్నాను. ఇందులో కల్పించింది ఒక్కటే, గురుతు. ఆ కొండకి రెండు భుజాల్లేవు. దాని ముందు నిలబడేది గోపురమూ కాదు. పన్నెండు బారలూ కాదు. పడవ జరగడం, గురుతు నడవడం, ఖాళీలు నొక్కి నేను దాన్ని జార్చెయ్యడం, నా మణికట్టు మీద ఆయన పట్టు, అవన్నీ ఉన్నవి ఉన్నట్టే. చోటు మాత్రం ఆయనది, ఆయన కొడుకుది. నేను రాసిన గురుతు పట్టుకుని ఎవరైనా పోయి వల దించితే, దయచేసి నన్ను తిట్టుకోవద్దు. నేనెలాంటివాణ్ణో మొదటే చెప్పాను.