రెండు వరుసల చింతమొక్కలు

ఆ రోజుల్లో డిగ్రీ చేతికొచ్చిన ప్రతి కుర్రవాడికీ లోకమంతా తన సలహా కోసమే ఎదురుచూస్తోందన్న నమ్మకం ఉండేది. నాకు ఆ నమ్మకం మోతాదు మించే పడింది. తొంభైల చివర్లో వ్యవసాయం చదివి, మదనపల్లెలో ఒక మందుల కంపెనీలో చేరాను. మొక్కల వేర్లను గబగబా పెంచే కొత్త మందును పరీక్షించి ఫలితం చూపిస్తేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఆ పరీక్షలో జరిగినదాన్ని ఇన్నేళ్లుగా పెళ్లి పందిళ్లలో చెప్పి అందరినీ నవ్విస్తూ వచ్చాను. అందులో ముఖ్యమైన ముక్క ఒకటి అబద్ధం. అసలు సంగతి ఇది.

పుంగనూరు దగ్గర ఒక అక్క నర్సరీ నడిపేది. (ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా నర్సరీ అక్క అనే పిలిచేవారు.) వెదురు బొంగుల మీద ప్లాస్టిక్ పట్టా కప్పిన ఆమె గ్రీన్‌హౌస్‌లో చింతమొక్కల కవర్లు రెండు వరుసలుగా పేర్చాను. కుడి వరుసకు మందు కలిపిన నీళ్లు, ఎడమ వరుసకు ఉత్త నీళ్లు. రోజూ పోసేది అక్క, వారానికోసారి వచ్చి తల పంకించేది నేను. అలా చేస్తేనే మందు గొప్పతనం తెలుస్తుందని ఆమెకు శాస్త్రం బోధించాను. అంతా ఓపిగ్గా విని, ఎడమ వరుసకు సవతి బిడ్డలని పేరు పెట్టింది. ఆపైన నేను ఎప్పుడు వెళ్లినా అదే పలకరింపు.

"ఏమప్పా, సవతి బిడ్డలకు ఇంగా ఉత్త నీళ్లేనా? పంక్తిలో కూసోబెట్టి ఒగరికి నెయ్యేసి ఇంగొగరికి ఏయకుంటే మీ అమ్మ ఒప్పుతాదా?"

మొక్కలకు అవేమీ తెలియవన్నాను. నీకు తెలుస్తాది గదా అంది.

ఒక మధ్యాహ్నం, ఎవరూ చూడటం లేదనుకొని, ఎడమ వరుసకు కూడా మందు నీళ్లు పోసేశాను. (ఎండకు తలలు వాల్చిన ఆ మొక్కలు నా వైపే చూస్తున్నట్టు అనిపించింది. నా చదువుకు తలవంపులని ఎవరితోనూ అనలేదు.) ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. అక్క చూసింది. సారు మనసు మారిందనుకొని మర్నాటి నుంచి రెండు వరుసలకూ సమానంగా పోయడం మొదలుపెట్టింది. రెండు వైపులా మొక్కలు ఒకేలా ఎదుగుతుంటే, పైకి కనబడేవి ఆకులే కదా, మన సంగతి వేర్లతో కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బెంగళూరు నుంచి కంపెనీ పెద్దసారు వచ్చాడు. రెండు వరుసల మొక్కలూ తీయించి, వేర్లు బకెట్లో కడిగించి, తెల్లగుడ్డ మీద పరిపించాడు. రెండూ ఒకేలా గుబురుగా ఉన్నాయి. మన మందూ ఉత్త నీళ్లూ ఒకటేనా అని అడిగాడు. ఆ వేర్లకన్నా ముందు నా ఉద్యోగం ఎండిపోయేలా ఉంది. మెల్లగా అక్క వైపు చూశాను, అంతే. తప్పెవరిదో ఆ చూపే చెప్పేసింది.

"నేనే పోస్తిని సార్," అంది అక్క. "ఈయప్పకు తెలీదు. ఒగదానికి పెట్టి ఇంగొగదానికి మానేదానికి నాకు చేతులు రాలా."

పెద్దసారు కడుపుబ్బ నవ్వాడు. ఈసారి కుప్పంలో చెయ్యి, మందు డబ్బాకు తాళం వేసుకో అన్నాడు. అక్కడ పరీక్ష బాగానే జరిగింది. నా ఉద్యోగం ఖాయమైంది. ప్రయోగాన్ని పాడుచేసిన అమాయకపు అక్క కథ కూడా నాకు మిగిలింది. (నేను పోసిన నీళ్లు మాత్రం అందులోంచి ఎప్పుడో ఆవిరైపోయాయి.)

మొన్నామధ్య క్షమాపణ చెబుదామని వెళ్లాను. అక్క జుట్టు నెరిసింది, నర్సరీ పెరిగింది. మొక్కలు కొనవచ్చిన శాంతిపురం దంపతులకు ఆమె అదే కథ చెబుతోంది. ఆమె కథలో నేను వెక్కివెక్కి ఏడుస్తాను, ఆమె నా కోసం పెద్దసారును బతిమాలుతుంది. నవ్వుతూ నవ్వుతూ వాళ్లు అనుకున్నదానికన్నా ఎక్కువే కొన్నారు. వాళ్లు వెళ్లాక, మొదట పోసింది నేనే అక్కా అన్నాను.

"సూస్తిని గదా, నాకు తెలీదా? ఇప్పుడొచ్చి నిజం చెప్తే నా కత పాడైపోతాది. గమ్మునుండు."

ఆమె ముందు గమ్మున ఉన్నాను, ఇక్కడ ఉండలేకపోయాను. పుంగనూరు వైపు వెళ్తే ఆమె దగ్గర మొక్కలు కొనండి. కథ చెబితే మొదటిసారి వింటున్నట్టే నవ్వండి. అందులో ఏడ్చే కుర్రవాడిని నేనే. నిజానికి ఆ రోజు నేను ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.