బీరువాలో చెక్కలు

హెడ్మాస్టర్ నాగసుబ్బయ్య బీరువా తాళం తీసి, అడుగు అరలోంచి గోనెసంచి బయటికి లాగాడు. సంచిలో చెక్కలు ఘల్లుమన్నాయి. గుమ్మంలో నిలబడిన సుంకమ్మ టీచర్ లోపలికి అడుగు పెట్టలేదు. దసరా సెలవులకు ముందు ఆ సంచిని అక్కడ పడేసి తాళం వేసింది ఈయనే. "ఇది బడా, భజన మందిరమా?" అని అందరి ముందూ అరిచిందీ ఈయనే.

"అట్లే నిలబడినావేమ్మా? రా. వచ్చే వారం జిల్లా నుంచి పెద్దసారు వస్తాండాడు. మన పిల్లోళ్ళతో చెక్కభజన ఆడించి స్వాగతం చెప్పల్ల. మండలంలో ఏ బడికీ ఈ భాగ్యం లేదు."

"మూడు నెల్ల కింద ఇది గోల గదా సార్. ఇప్పుడు భాగ్యం ఎట్లయింది?"

"పాత మాటలెందుకులేమ్మా."

"పాతవి కాదు సార్. తాళం నిన్నటిదాకా వేసే ఉండాది."

సుంకమ్మకు కోపిష్ఠి అని పేరు. ఓర్వకల్లు గుట్టల అవతల ఉన్న ఈ నల్లగుండ్లపల్లె ప్రాథమిక బడికి ఆమె వచ్చి ఐదేళ్లయింది. ఈ ఐదేళ్లలో వంట ఏజెన్సీతో, కరెంటు లైన్‌మన్‌తో, బడి గోడకు పిడకలు కొట్టేవాళ్ళతో, పిల్లల్ని మేకల వెంట పంపే తండ్రులతో ఆమె పోట్లాడింది. రోజూ స్కూటీ ఆపి స్టాండు వేసే చప్పుడును బట్టే ఆ పొద్దు ఆమె తీరు ఎలా ఉందో పిల్లలు చెప్పేస్తారు.

ఆమె తండ్రి కాశన్న చెక్కభజన గురువు. ఏ ఊరు పిలిస్తే ఆ ఊరికి పోయి, రెండు మూడు నెలలు అక్కడే ఉండి, మగవాళ్ళకు అడుగులు నేర్పి, గజ్జెపూజ చేయించి తిరిగొచ్చేవాడు. ఏటా ఒంటిమిట్ట ఉత్సవాలకు తన జట్టును తీసుకుపోయేవాడు. ఇంట్లో మాత్రం ఆడపిల్ల చెక్కలు ముట్టకూడదు. సుంకమ్మ అరుగు మీద కూర్చుని అడుగులన్నీ కళ్ళతోనే నేర్చుకుంది. ఎవడైనా అడుగు తప్పితే తండ్రికంటే ముందు ఆమే కేకేసేది. అలా కేకేసినందుకు దెబ్బలు కూడా తింది.

బడిలో చెక్కలు పట్టించాలన్న ఆలోచన ఆమెకు శిక్షణ తరగతుల్లో రాలేదు. అక్కడ వచ్చింది కోపమే. కళలతో బోధన అని పేరు పెట్టి, నలభై మంది పెద్దవాళ్ళను నిలబెట్టి, వేరు కాండం ఆకు పువ్వు అంటూ సినిమా బాణీలో పాడించారు. ఆ పాట పాడే పిల్లకు వేరు ఏం చేస్తుందో పాటకు ముందు తెలియదు, పాట అయిపోయాకా తెలియదు. బట్టీకి గజ్జెలు కడితే అది కళ అయిపోతుందా అని ఆమె అక్కడే అడిగింది. శిక్షకుడు నవ్వి, టీ తాగే సమయం అయిందన్నాడు.

రెండేళ్ల క్రితం ఐదో తరగతికి క.సా.గు. చెబుతున్నప్పుడు మాత్రం పని జరిగింది. బోర్డు మీద ఎన్ని గీతలు గీసినా పిల్లలు గోడను చూసినట్టే చూశారు. ఆమె సుద్దముక్క విసిరేసి కథ ఎత్తుకుంది. ఒక సంత. ఇద్దరు వ్యాపారులు. ఒకడు నాలుగు రోజులకోసారి వస్తాడు, ఒకడు ఆరు రోజులకోసారి వస్తాడు. ఇద్దరికీ పాత తగాదా. ఎదురుపడితే తన్నుకుంటారు. ఈ రోజు తన్నుకున్నారు, తలలు పగిలాయి, పోలీసులొచ్చారు. మళ్ళీ తన్నుకునేది ఏ రోజు?

పిల్లలు లేచి నిలబడ్డారు. తన్నులాట అంటే ఎవరికైనా ఆసక్తే. ట్యూషనుకు పోయే క్రాంతి కుమార్ వెంటనే "ఇరవై నాలుగు" అన్నాడు. నాలుగునూ ఆరునూ గుణించేశాడు వాడు.

సుంకమ్మ అందరినీ బయటికి తోలింది. ఊళ్ళో వడ్రంగి చేత చేయించి పెట్టుకున్న చెక్కలు పంచింది. రెండు చెక్కలు కొడితే మధ్యలో గుచ్చిన ఇత్తడి బిళ్ళలు ఘల్లుమంటాయి. ఒక వరుస నాలుగో దెబ్బకు ఎగరాలి, ఎదుటి వరుస ఆరో దెబ్బకు. పన్నెండో దెబ్బకు రెండు వరుసలూ ఒక్కసారే ఎగిరాయి. క్రాంతి కుమార్ ఎవరో అడుగు తప్పారనుకుని ఆట ఆపాడు. మళ్ళీ ఆడారు. మళ్ళీ పన్నెండే.

అప్పుడు పవిత్ర నోరు తెరిచింది. తరగతిలో పేరు పిలిస్తే తప్ప మాట్లాడని పిల్ల. "టీచర్, ఇరవై నాలుక్కూ ఎగురుతాం. కానీ అది రెండో తూరి."

ఆ మాట కోసమే సుంకమ్మ పదేళ్లుగా బోర్డు మీద గీతలు గీస్తోంది. నాలుగోవంతు, ఆరోవంతు కలపాలంటే పన్నెండు ఎందుకు కావాలో ఆ పొద్దు పిల్లలకు ఆమె చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ మూడో తరగతి పిల్ల పవిత్ర నిజానికి ఐదో తరగతి వరుసలో నిలబడ్డానికి లేదు. ఎలాగో దూరింది.

ఇప్పుడు పవిత్ర ఐదో తరగతి. ఆమె తల్లి రామేశ్వరమ్మ ఏటా మిరప కోతలకు గుంటూరు వైపు పోతుంది. పోయినేడు పవిత్రను వెంట తీసుకుపోయింది. రెండు నెలలు ఆ పిల్ల కాయలు కోసి, వేళ్ళు మండి, చదివింది మర్చిపోయి వచ్చింది. హాస్టలు ఉండే సర్కారు బడిలో ఆరో తరగతి సీటు వస్తే ఇక ఆ వలస ఉండదు. దానికి ప్రవేశ పరీక్ష ఉంది. సుంకమ్మ తన తరగతి మొత్తం చేత దరఖాస్తు పెట్టించింది. పరీక్షలో సగం లెక్కలు భిన్నాలే.

దసరాకు ముందు మండల విద్యాధికారి రంగస్వామి తనిఖీకి వచ్చాడు. లెక్కల పీరియడ్‌లో పిల్లలు వాకిట్లో ఎగురుతున్నారు. ఆ గంటలో వర్క్‌బుక్‌లో ఫలానా పేజీ జరుగుతూ ఉండాలి. ఎందుకు జరగడం లేదని ఆయన నాగసుబ్బయ్యను కడిగేశాడు. నాగసుబ్బయ్య ఆ కడుగుడంతా తెచ్చి సుంకమ్మ మీద పోసి, సంచిని బీరువాలో పెట్టాడు. పవిత్ర మళ్ళీ నోరు మూసుకుంది. బోర్డు మీద భిన్నాలు కలపమంటే పైదానికి పైది, కిందిదానికి కిందిది కలిపేయసాగింది.

అందుకే ఈ రోజు సుంకమ్మ బేరం పెట్టింది. "స్వాగతం చేయిస్తా సార్. అయిపోయినాక ఈ సంచి మళ్ళా లోపలికి పోకూడదు. పరీక్ష దాకా లెక్కల పీరియడ్‌కు నాకు కావల్ల. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నట్లేలేమ్మా."

"లే అనొద్దు సార్. హిమబిందు మేడం ముందర చెప్పు."

రెండో తరగతి చెప్పే హిమబిందును పిలిచి, ఆమె ముందు నాగసుబ్బయ్య సరేనన్నాడు.

పాట ఆయనే రాశాడు. రావయ్యా పెద్దసారూ, రాళ్ళసీమ వెలుగుసారూ అని మొదలై, మరుగుదొడ్ల పథకం మీదుగా, కోడిగుడ్ల మీదుగా పోయి, మళ్ళీ పెద్దసారు దగ్గరికే వచ్చింది. "ప్రాస ఎట్ల కుదిరింది చూసినావా?" అన్నాడు. సుంకమ్మ గమ్మునుండడం చూసి పిల్లలు జడుసుకున్నారు. వారం రోజులు లెక్కలు లేవు, తెలుగు లేదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా రావయ్యా పెద్దసారూ. సంచి కోసం సుంకమ్మ పళ్ళు బిగబట్టుకుంది.

తొమ్మిదికి రావాల్సిన పెద్దసారు మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చాడు. అంతదాకా పిల్లలు గజ్జెలు కట్టుకుని ఎండలో వరుసగా నిలబడే ఉన్నారు. ఒకడు నీడకు పోతే నాగసుబ్బయ్య చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. సుంకమ్మ బిందె ఎత్తుకుని వరుస వెంట తిరుగుతూ తనే నీళ్ళు పోసింది. పెద్దసారు పాటలో రెండు చరణాలు విన్నాడు. ఒక పిల్లాడి చేతిలో చెక్కలు తీసుకుని ఫోటో దిగాడు. కళలతో చదువు చాలా గొప్ప విషయమన్నాడు.

"మేమే ప్రోత్సహించినాం సార్," అన్నాడు రంగస్వామి.

సుంకమ్మ ముందుకొచ్చింది. "సార్, మీరు చూసింది పాఠం కాదు. పాఠం వేరే ఉండాది. పది నిమిషాలు కూర్చుంటే చూపిస్తా."

పెద్దసారు గడియారం చూసుకున్నాడు. "తప్పకుండా మేడం. ఇంకోసారి," అని నవ్వి కారెక్కాడు. ఆ నవ్వు మర్యాదగానే ఉంది. సుంకమ్మకు అది చెంపదెబ్బకంటే ఎక్కువ మండింది.

మర్నాడు పొద్దున ఆమె సంచి కోసం పోతే బీరువాకు తాళం ఉంది.

"నాదేముందమ్మా," అన్నాడు నాగసుబ్బయ్య, బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ. "జిల్లా పోటీలకు మన పిల్లోళ్ళను పంపమని పైనుంచి చెప్పినారు. ఎనిమిదిమంది. సోమవారం వ్యాను వస్తాది. కర్నూల్లో ఐదు దినాలు శిక్షణ, శనివారం పోటీ. చెక్కలు గూడా పోతాయి."

"ఆదివారం పరీక్ష సార్."

"శనివారం రాత్రికి తెచ్చి దింపుతార్లే."

"దింపితే? ఐదు దినాలు రావయ్యా పెద్దసారూ అని ఎగిరి, తెల్లారి భిన్నాలు యాడ నుంచి తెస్తారు?"

"నీకు సంతోషం లేదామ్మా? నీ విద్యకే గదా ఈ పేరు."

"నా విద్య కాదది. నా విద్యను మీరు బీరువాలో పెట్టినారు. ఇప్పుడు బయటికి తీసింది దాని చర్మం."

ఎంపికైన ఎనిమిదిమందిలో మొదటి పేరు పవిత్ర. అడుగు అంత బాగా పడుతుంది ఆ పిల్లకు. సాయంత్రం బడి వదిలాక రామేశ్వరమ్మ వచ్చింది. ఎవరో పంపిన ఫోటో ఫోన్లో చూపించింది. పెద్దసారు పక్కన పవిత్ర.

"చూడు టీచర్, నా బిడ్డ ఎట్లుండాదో. కర్నూలుకు గూడా పోతాదంట గదా."

"పరీక్ష వదులుకుని పోతాది. సీటు రాకపోతే మళ్ళా నీ వెంట మిరప కాయలకే. అది గూడా ఫోటో తీపిచ్చుకో."

రామేశ్వరమ్మ ఫోన్ కొంగున చుట్టుకుంది. "రెండూ కుదరవా తల్లీ?"

"కుదరవు."

"నాకేం తెలుస్తాది? నువ్వెట్ల చెబితే అట్ల."

ఆ మాటకూ సుంకమ్మకు కోపమే వచ్చింది. పైనుంచి చెప్పినారని ఒకరు, నువ్వెట్ల చెబితే అట్ల అని ఇంకొకరు. ఎవరి తల మీదా ఏమీ పెట్టుకోరు. పెట్టుకునేదానికి ఈ ఊళ్ళో తన తల ఒక్కటే ఉన్నట్టుంది.

సోమవారం మూడో పీరియడ్‌లో వ్యాను వచ్చింది. రంగస్వామే దగ్గరుండి తీసుకుపోవడానికి వచ్చాడు. నాగసుబ్బయ్య సంచి తెచ్చి మెట్ల మీద పెట్టి, పేర్లు పిలిచాడు. ఎనిమిదిమందీ లేచారు. సుంకమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"కూచోండి."

పిల్లలు సగం కూర్చున్నారు, సగం నిలబడ్డారు.

"ఏంది మేడం ఇది?" అన్నాడు రంగస్వామి. "జిల్లాకు పేర్లు పోయినాయి."

"పేర్లు పోనీ సార్. పిల్లోళ్ళు పోరు. వీళ్ళకు ఆదివారం పరీక్ష. దరఖాస్తులో సంతకం మీదే."

"మీ కళే గదమ్మా అడుగుతాండేది!"

"దసరాకు ముందు ఇదే వాకిట్లో, ఇవే చెక్కలు, ఇదే పిల్ల. లెక్క చేస్తాంటే ఆపమన్నది మీరు. ఇప్పుడు లెక్క తీసేసి ఎగరమంటాండేదీ మీరే. లెక్క ఉంటే మీకు గోల, లేకుంటే కళ. ఏం న్యాయం సార్?"

"మెమో ఇవ్వాల్సి వస్తాది."

"రెండియ్యి సార్. ఒగటి గోడకు అంటిస్తా."

నాగసుబ్బయ్య మధ్యలోకొచ్చాడు. "సుంకమ్మా, మాట విను. నువ్వడిగిన చెక్కలే గదా. పోటీ అయినాక నీకే ఇస్తా. ఏడాదంతా పెట్టుకో."

సుంకమ్మ మెట్లు దిగింది. సంచి ఎత్తి భుజాన వేసుకుంది. ఇక లోపలికి తెచ్చుకుంటుందనే అందరూ అనుకున్నారు. ఆమె నేరుగా వ్యాను దగ్గరికి నడిచి, డ్రైవరు పక్క సీటులో సంచిని పడేసి తలుపు వేసింది.

"చెక్కలే కదా కావల్సింది? తీస్కపోండి. ఎవురితోనన్నా ఆడిచ్చుకోండి. పిల్లోళ్ళు మాత్రం నా క్లాసులో ఉండారు."

రంగస్వామి ఎవరికో ఫోన్ చేస్తూ గేటు దాకా పోయాడు, వచ్చాడు, మళ్ళీ పోయాడు. చివరికి వ్యాను దుమ్ము లేపుకుంటూ పోయింది. నాగసుబ్బయ్య తన గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

లోపల పవిత్ర ఏడుస్తోంది. కర్నూలుకు ఆమె ఎప్పుడూ పోలేదు. కొత్త రిబ్బన్లు కట్టుకుని వచ్చింది. "నేను పోతానంటి గదా టీచర్. మాయమ్మ గూడా సరేననె."

"పోవు," అంది సుంకమ్మ. "లెయ్. బయటికి రా. అందరూ రాండి."

ఒక వరుస ఆరో చప్పట్లకు ఎగరాలి, ఎదుటి వరుస ఎనిమిదో చప్పట్లకు. చేతి చప్పట్లకు చెక్కల తేట లేదు. పక్కవాడి చప్పుడు తన చప్పుడులో కలిసిపోయి పిల్లలు లెక్క తప్పారు. ఇరవైకి ఎవరో ఎగిరారు, వాళ్ళను చూసి అందరూ ఎగిరారు. సుంకమ్మ అరిచింది. మళ్ళీ మొదటినుంచి. అరచేతులు ఎర్రబడ్డాయని ఒక పిల్లాడు చూపిస్తే, రెండో చెయ్యి కూడా చూపించమంది. నాలుగోసారి ఇరవై నాలుగు దగ్గర రెండు వరుసలూ ఒక్కసారి నేల తాకాయి.

పవిత్ర ఆ రోజంతా టీచరుతో మాట్లాడలేదు. ఆరోవంతు, ఎనిమిదోవంతు కలపమని లెక్క ఇస్తే, పెన్సిల్ ములుకు విరిగేంత గట్టిగా నొక్కి, ఏడు బై ఇరవై నాలుగు అని రాసి, నోటుపుస్తకం బల్ల మీదికి తోసింది. సుంకమ్మ టిక్కు పెట్టి, కింద ఇంకో లెక్క రాసి, పుస్తకం వెనక్కి తోసింది.