అడకత్తెరతో తెంపిన సీసం సీలు

పోయిన ఆదివారం షోలవరంలో నేను చేసిన ఘనకార్యం మీకింకా చేరలేదంటే, మీరు మా పురసవాక్కం వాళ్లు కారన్నమాట! ఈడ పాలవాడు కూడా నన్ను చూసి నవ్వుతున్నాడు. ఎవరో చెప్పగా వినేదానికంటే నేనే చెప్తే మేలు. కనీసం అడకత్తెరను అడకత్తెర అనే చెప్తాను. మా వీధిలో అది అప్పుడే గొడ్డలి అయిపోయింది.

మా మరిది గోపాలు మోటారు సైకిలు రేసులకు పోతాడు. వాడిది మూడొందల యాభై సీసీ బండి. "సీసీ అంటే ఏందిరా?" అని ఒకసారి అడిగితే, "వదినా, ఇంజను లోపల నీ రోలూ రోకలీ లాంటివి ఉంటాయి. రోలు ఎంత పెద్దదో ఆ లెక్కే సీసీ," అన్నాడు. అట్లా చెప్తే నాకెందుకు తెలీదు? చిన్న రోళ్లకు ఒక పందెం. అయిదొందల సీసీ దాకా ఉండే పెద్ద రోళ్లకు ఇంకో పందెం.

పోయినేడు చిన్న పందెంలో మావాడు రెండోవాడుగా వచ్చినాడు. మొదట వచ్చింది పెరంబూరు సుందరం. ఆ సుందరం బండి పైకి మూడొందల యాభయ్యే గానీ, లోపల తొలిచి రోలు పెద్దది చేసినారని ఒకటే గుసగుసలు. నిజమా అబద్ధమా తేల్చే రూలు లేదు. బండిగల వాడి నోటిమాటే లెక్క. గోపాలు ఊరుకున్నాడా? ఏడాది పొడుగునా రేసు నడిపేవాళ్ల చుట్టూ తిరిగినాడు. "సుందరం మోసం చేసినాడని నేననను సార్. కొలిచి చూడండి అంటాను. నాది కూడా కొలవండి," అని ఒకటే పట్టు. సాధించినాడు! ఈ ఏటి నుంచి చిన్న పందెంలో ప్రతి ఇంజనూ రేసుకు ముందునాడు విప్పి కొలవాలని రూలు వచ్చింది. ఈసారి సుందరం మీద న్యాయంగా గెలవాలని వాడు నిద్రలో కూడా కలవరించేవాడు.

కొలుస్తారని నాకు తెలుసు. కొలిచినాక మళ్లీ ఎవరూ విప్పకుండా తీగ కట్టి, సీసంతో సీలు వేస్తారని మాత్రం తెలీదు. శనివారం సాయంత్రం అన్నదమ్ములు ఇద్దరూ వాకిట్లో కాఫీ తాగుతా గంటసేపు మాట్లాడుకున్నారు. వంటింట్లోకి వచ్చింది మాత్రం "కొలిచినారు వదినా, సరిగ్గా ఉంది!" అన్న ఒక్క కేకే.

ఇంక ఆదివారం తెల్లవారింది. మా ఇంట్లో ఏ బండి పెద్ద పని మీద బయల్దేరినా పసుపు దారం కట్టాల. మా మామగారి తాత నెల్లూరి సీమ నుంచి ఎడ్లబండిలో ఈ ఊరికి వచ్చినప్పుడు ఇరుసుకు కట్టినారంట. తర్వాత మా మామగారి జట్కాకు, మా వారి సైకిలుకు. ఇవన్నీ మా అత్తగారు నాకు చెప్పి, "నువ్వు మరిచిపోవద్దమ్మా, ఈ మగవాళ్లకు ఏదీ గుర్తుండదు," అని కళ్లు మూసింది. నేను మరిచిపోతానా?

తలస్నానం చేసి, పళ్లెంలో పసుపూ కుంకుమా కర్పూరమూ పెట్టుకుని వాకిట్లోకి వచ్చినాను. ఇంజనుకు బొట్టు పెట్టబోదును గదా, ఒక తీగ! మెలికలు మెలికలుగా చుట్టి ముడి వేసినారు. ముడి మీద సీసం బిళ్ల. బిళ్ల మీద ఏవో గీతలు, అక్షరాలు! రేసుకు ముందు మా బిడ్డ బండికి రాతలున్న సీసం కట్టినారంటే ఇంకేముంది? చేతబడి! పెరంబూరు దిక్కుకు తిరిగి, "స్వామీ, ఆ సుందరానికి మంచి బుద్ధి ఇయ్యి," అని దండం పెట్టుకున్నాను.

పిలుద్దామంటే గోపాలు స్నానంలో ఉన్నాడు. మా వారు ఇడ్లీల ముందు కూర్చున్నారు. అయినా బయల్దేరే ముందు ఇట్లాంటి మాట చెవిన వేస్తే బిడ్డకు ధైర్యం పోదూ? గుట్టుగా తీసేస్తే సరి. మా అత్తగారి అడకత్తెర తెచ్చి, తీగను దాని నోట్లో పెట్టి, నరసింహస్వామిని తలుచుకుని నొక్కినాను. వక్క తెగినట్టు టక్కున తెగింది! ఆ సీసాన్ని నిమ్మకాయతో కలిపి పాతగుడ్డలో చుట్టి, మూడు దోవలు కలిసే చోట విసిరేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసినాను. సీసం ఉన్నచోటనే పసుపు దారం కట్టి, పైన మల్లెపూల దండ చుట్టి, హారతి ఇచ్చినాను. మనసు ఎంత నిమ్మళించిందో చెప్పలేను!

గోపాలు వచ్చి చూసి, "బండిని పెళ్లికొడుకును చేసినావే వదినా!" అని నవ్వుకుంటా ఎక్కిపోయినాడు. చిత్రాన్నం, పెరుగన్నం కట్టుకుని మేమిద్దరం టాక్సీలో మాధవరం మీదుగా వెనకే పోయినాము.

షోలవరంలో యుద్ధం నాటి విమానాల మైదానం ఉంది గదా, రేసు ఆడనే. ఇంజన్లు పరీక్ష చేసే నాయుడు గారు తెల్లటోపీ పెట్టుకుని ఒక్కో బండీ చూసుకుంటా మావాడి దగ్గరికి వచ్చినారు.

"గోపాలూ, సీలు ఏడ?"

"ఈడనే సార్..." అని వాడు వంగి పూలదండ పక్కకు తోసినాడు. దండ కింద పసుపు దారం! వాడి మొగం చూడాల మీరు.

"రూలు కావాల, రూలు కావాల అని నా ప్రాణం తీసినోడివి నువ్వు. నీ బండికే సీలు లేకపోతే ఎట్లప్పా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. గోపాలు తిరిగి నన్ను చూసినాడు. నా మొగంలో ఏం కనిపించిందో, వాడికి అంతా అర్థమైపోయింది. మళ్లీ నాయుడు గారి వైపు తిరిగి, "కడిగేటప్పుడు నేనే తెంపుకున్నా సార్," అన్నాడు.

పదిమందిలో గొంతెత్తి ఎరగనిదాన్ని నేను. గుడిలో గోవింద కూడా మెల్లగానే అంటాను. ఆ పొద్దు ఎట్లా వచ్చిందో గొంతు, "కాదండీ! నేను తెంపినాను. అడకత్తెరతో!" అని అరిచేసినాను.

నాయుడు గారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. "ఎందుకు తల్లీ?"

"చేతబడి అనుకున్నాను."

"ఎవరు చేసినారని?"

నా కళ్లు ఉండాయే, అవి నేరుగా సుందరం మీదికి పోయినాయి.

"అయ్యో అక్కా! నేనా?" అన్నాడు ఆ పిల్లాడు, గుండె మీద చెయ్యి పెట్టుకుని.

"సీసం ఉంటే తెండి, చూద్దాం," అన్నారు నాయుడు గారు.

"మూడు దోవల్లో పారేసినానండి. వెనక్కి కూడా చూడలేదు."

నాయుడు గారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వినారు. నవ్వి ఏం లాభం? రూలు రూలే. మళ్లీ విప్పి కొలిచేదానికి టైము లేదు. సీలు లేని బండికి చిన్న పందెం లేదు. ఎంత తొలిచినా ఇది అయిదొందలు దాటదు గనక పెద్ద బండ్లతో పోతావా, లేదా ఇంటికి పోతావా అని అడిగినారు. ఏడాది తిరిగి తెచ్చుకున్న పందెం, నా చేతులారా!

గోపాలు మాత్రం తల ఎత్తి, "నేను తెచ్చిన రూలు సార్, నాకే సడలించమని ఎట్లా అడిగేది? పెద్ద బండ్లతోనే పోతా," అన్నాడు. పక్కనే నిలబడిన మా వారి కళ్లు తడిసినాయని నేనెవరికీ చెప్పలేదు, మీకు తప్ప.

"మరి ఈ దారం?" అన్నారు నాయుడు గారు.

"అది ఉండనీండి సార్. వదిన కట్టింది."

చిన్న పందెం సుందరమే గెలిచినాడు. తర్వాత పెద్దది. అయిదొందల సీసీ బండ్లు అరుస్తుంటే నేను కళ్లు మూసుకుని నామాలు చదువుకుంటున్నాను. మా వారు మోచేత్తో పొడుస్తా, "కళ్లు తెరువే! మనోడే!" అన్నారు. తెరిస్తే ఏముంది! తిన్నని దోవలో ఆ పెద్దవి ఏనుగుల్లాగా దాటిపోతున్నాయి. మలుపు రాగానే మావాడు వాటి పక్కన సందు చూసుకుని దూరిపోతున్నాడు. ఒకడి చైను తెగింది. ఇంకొకడు దోవ పక్కన పేర్చిన గడ్డిమోపుల్లోకి పోయినాడు. మావాడు మూడోవాడుగా వచ్చినాడు! చిన్న బండితో, పెద్ద బండ్లలో!

రెండు పందేల్లోనూ మొదటి ముగ్గురి ఇంజన్లు రేసు అయినాక విప్పి కొలవాలనీ కొత్త రూల్లోనే ఉందంట. అందరి ముందరా విప్పినారు. "మూడొందల యాభై లోపలే. వెంట్రుకవాసి ఎక్కువ లేదు," అన్నారు నాయుడు గారు. ఆ చప్పట్లు!

సుందరం వచ్చి మావాడి చెయ్యి పట్టుకుని, "రెండు పందేలకీ చుట్లు అవే. నాకంటే నువ్వే తక్కువ టైములో ముగించినావు. చిన్న పందెంలో నువ్వుంటే నేను రెండోవాణ్ణే," అన్నాడు. సుందరం బండీ విప్పినారు, అదీ సరిగ్గానే ఉంది. నేను చెంపలు వేసుకున్నాను. "అక్కా, నాకూ ఒక దారం కట్టు," అంటే కట్టి, చిత్రాన్నం పెట్టినాను. నా చిత్రాన్నం మూడుసార్లు వడ్డించుకున్నాడు. మంచి పిల్లాడు!

నిన్న గోపాలు ఇంకో కబురు తెచ్చినాడు. మళ్లీ ఒక రూలు వచ్చిందంట. ఇకమీదట సీలు వేసిన బండ్లు రేసు అయ్యేదాకా మైదానంలోనే ఉండాల, ఎవరూ ఇంటికి తీసుకుపోగూడదు.

"ఎందుకంట?" అన్నాను అమాయకంగా.

మా వారు ఒక వక్కా, అడకత్తెరా నా ముందుకు జరిపినారు.

పోనీండి! ఒక రూలు తెచ్చేదానికి మా గోపాలు ఏడాది చెప్పులరిగేలా తిరిగినాడు. నాకు ఒక్క నొక్కు చాలింది!