జిలాని బాషా బండి ఘాటెక్కిన వైనం

కడపలో జిలాని బాషా పాత తెల్లకారు గువ్వలచెరువు కొండమీది ఘాటురోడ్డును నాలుగు నిమిషాల్లో ఎక్కేసిందట. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు అది విమానమనుకుని తల వంచుకున్నాడట. కళ్లతో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నేనూ చూడలేదు. అయినా ఇప్పటికి మూడొందల మందికి చెప్పుంటాను.

జిలాని మా వీధి చివర మెకానిక్కు. బక్కమనిషి. మనుషులతో కంటే ఇంజన్లతోనే ఎక్కువ మాట్లాడతాడు. అతని భార్య ఫిరోజా ఏడేళ్ల కిందట కువైట్‌లో ఇంటిపనికి పోయింది, రేకులు తీసేసి మిద్దె వేసుకోవాలని. విమానం బెంగళూరులో. రాయచోటి మీదుగా పోవాలంటే ముందు ఈ ఘాటు ఎక్కాలి. ఆ రోజు కారులో అత్తగారు, నాలుగు సంచులు, సగం కువైట్ తినేంత రొట్టెలు. మూడో మలుపులో కారుకు దమ్ము చాల్లేదు. మొదటి గేరులో కూడా దగ్గి నిలబడిపోయింది. బరువు తగ్గాలని ఫిరోజా దిగి, మండుటెండలో, కొత్త చెప్పులతో కారు వెనకాలే నడిచింది. ఆ దారిన పెద్దసంచులతో పోయేవాళ్లు ఎక్కడికి పోతారో మా జిల్లాలో కోళ్లకు కూడా తెలుసు. పక్కన పోతున్న లారీలోంచి క్లీనరు తల బయటపెట్టాడు.

"ఏమ్మా, కువైట్‌కు నడిచే పోతాండావా?"

ఫిరోజా పకపకా నవ్వింది. జిలాని నవ్వలేదు. విమానాశ్రయంలో ఆమెతో ఒక్క మాటే అన్నాడు.

"ఇంకోసారి నువ్వు ఈ ఘాటులో కారు దిగే పని ల్యా."

ఆ తర్వాత ఏడేళ్లూ ఆ ఇంజను బాధ దేవుడికే తెలియాలి. సిలిండర్లు వెడల్పు చేయించి పెద్ద పిస్టన్లు దించాడు. లోపల పెట్రోలు ఇంకా గట్టిగా నొక్కుకుని పేలాలని పైన ఉండే హెడ్డును చెక్కించాడు. పొగగొట్టం నా నడుమంత లావుది వేశాడు. ఎండాకాలం వేడికి లోపల టకటకా కొట్టుకుంటే మళ్లీ అంతా విప్పాడు. కువైట్ యజమానురాలు సెలవు ఇవ్వలేదని ఫిరోజా ఫోను చేసిన ప్రతిసారీ ఇంజను కిందికి దిగేది.

లేతు మిషను ఓబుళేశు విసుక్కునేవాడు. "ఇంగా చెక్కితే కాగితమే మిగుల్తాది బాషా! దీన్ని రాకెట్టు చేస్తాండావా ఏంది?"

"చెక్కప్పా. ఫిరోజా వచ్చేదుండాది."

ఫోనులో ఆమె మొహం కనిపిస్తే చాలు, బానెట్టు తెరిచి ఫోను ఇంజను దగ్గర పెట్టి రయ్యిమనిపించేవాడు. వీధిలో గిన్నెలు దొర్లేవి.

"ఏమయ్యా, నీ మొగం సూపియ్యమంటే ఇంజన్ సూపిస్తావు!" అని అక్కడి నుంచి ఆమె అరిచేది.

చివరికి రెండు నెలల సెలవు దొరికింది. తోడుకు వీధిలో అక్కనని నన్నూ తీసుకుని జిలాని బెంగళూరు పోయాడు. తిరుగుదారిలో ఘాటు మొదట్లో పాలకోవా కొనిపెట్టి, ఆమెను ముందు సీటులో కూర్చోబెట్టి, కాలర్ సర్దుకున్నాడు.

"ఇప్పుడు సూడు మే!"

రోడ్డు కిందికి దిగింది.

ఏడేళ్లు! అన్ని బోల్టులు విప్పి బిగించిన మనిషికి, వచ్చేటప్పుడు ఆ ఘాటు దిగుడని ఒక్కనాడూ తోచలేదు. ఫిరోజా కోవా నోట్లో పెట్టుకునే నవ్వింది.

"దిగేటప్పుడు సైకిలైనా పోతాది కదయ్యా! మరి దీని బలం ఎప్పుడు సూసేది?"

అంతలోనే ఆమె నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ బలం చూడాలంటే ఆమె మళ్లీ పోవాలి.

రెండు నెలలు రెండు రోజుల్లా పోయాయి. పోయే రోజు వెనక సీటులో సంచుల మధ్య ఇరుక్కుని నేనూ ఉన్నాను. ఘాటు మొదలైంది. కొండనైనా లాగే ఇంజను. జిలాని కాలు మాత్రం యాక్సిలరేటరు మీద ఈగ వాలినట్టు ఉంది. కారు గొర్రెల మంద నడకన పోతోంది. మా వెనక కడప దాకా లారీలు నిలిచి హారన్లు కొట్టాయి.

"ఏమప్పా, నీ బండికి జరమొచ్చిందా?" ఒక డ్రైవరు దాటిపోతూ అరిచాడు.

ఈసారి కూడా జిలాని నవ్వలేదు. అసలు విన్నట్టే లేడు.

"తొక్కరాదా, బండి పోతాది కదా," అంది ఫిరోజా మెల్లగా.

"ఇంజన్ వేడెక్కుతాది."

ఆమె వేడి చూపించే ముల్లు వైపు చూసింది. నేనూ తొంగి చూశాను. సగం కూడా ఎక్కలేదు. మూడో మలుపు వచ్చినప్పుడు ఆమె గేరు మీదున్న అతని చేతి మీద చెయ్యి వేసింది.

"దిగి నడిచేదా?"

"వద్దు. కూసో. కూసోనే ఉండు."

పావుగంట ఘాటు మాకు ఒకపూట పట్టింది. విమానం మాత్రం టయానికే ఎగిరింది.

మొన్న రాహేలమ్మ టీ అంగట్లో నేను ఈ కథ నలుగురికీ చెబుతుంటే జిలాని వచ్చి గ్లాసు టకామని పెట్టాడు.

"ఈయక్క సెప్పేదంతా అబద్ధమప్పా! ఆ పొద్దు రేడియేటర్లో నీళ్లు తక్కువ, అందుకే నిదానంగా పోయినా. నా బండి మూడో మలుపులో ఎప్పుడూ ఆగలా. ఫిరోజా నడవలా. అసలు ఆమె కువైట్‌కే పోలా. వాళ్లమ్మ ఇంటికి పోయింది, వస్తాది."