పెండ్లి పందిట్లో పెద్ద ఫిడేలు

నా చిన్నప్పుడు ఒక వేసవంతా నా చెవుల్లో దూది ఉండేది. రెండు చెవుల్లోనూ చీము పట్టి, నొప్పితో రాత్రుళ్ళు కేకలు పెడుతుంటే మా నాయన నన్ను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. చెవి లోపలి పొరకు రెండు వైపులా చిల్లు పడిందని డాక్టరమ్మ చెప్పింది. రోజూ మందు తడిపిన దూది మార్చి పెట్టాలని, సెలవులు అయిపోయేటప్పటికి చిల్లులు మానితే వినికిడి వస్తుందని, మానకపోతే రాదని కూడా చెప్పింది. ఈ చివరి మాట పెద్దవాళ్ళకు తెలుసు. నాకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాకు తెలిసిందల్లా, ఆ వేసవిలో మా ఇంట్లో అందరూ తెగ నవ్వేవాళ్ళు. మిషన్ బడిలో పంతులైన మా నాయన, ఇంట్లో కూడా పంతులుగానే ఉండే మనిషి, సాయంత్రం బజారు నుంచి వచ్చేటప్పుడు మిఠాయి పొట్లం తెచ్చి కోతి మొహం పెట్టేవాడు. మా అమ్మ దూది మారుస్తూ నవ్వేది, జడ వేస్తూ నవ్వేది. వాళ్ళ నోళ్ళు కదలడం కనిపించేది కానీ, మాట నా దాకా వచ్చేసరికి నీళ్ళ అడుగున ఎవరో గొణిగినట్టుండేది. చెవికి చాలా దగ్గరగా వచ్చి గట్టిగా చెబితేనే తెలిసేది. ఇంతమంది ఇంత సంతోషంగా ఉంటే చెవి నొప్పి కూడా మంచిదేననుకున్నాను. ఎనిమిదేళ్ళ బుర్రకు అంతకంటే ఏం తడుతుంది.

మా నాయనను కన్న తల్లి, మా జేజి, ఆ నవ్వుల్లో చేరలేదు. ఆమె పద్ధతి వేరు. ఆమె మిషన్ హాస్టల్లో పెరిగింది. చర్చి గుడిలో పాటలు నాలుగు వరసల్లో పాడటం అక్కడే నేర్చింది. పైన నడిచే రాగం అందరికీ వస్తుంది. జేజి పాడేది దాని కింద మెల్లగా నడిచే వరస. గుడిలో ఆమె పక్కన నిలబడితే పాట మొత్తం ఆమె భుజాల మీద మోసుకొస్తున్నట్టు అనిపించేది. ఆ వేసవిలో నేను గుడికి పోయినా ఏదీ వినపడక బల్ల మీద కాళ్ళు ఊపుతూ కూర్చునేదాన్ని. జేజి అది చూసేది.

మా పెరటి గోడకు అవతల ఒక సినిమా హాలు ఉండేది. ప్రొద్దుటూరు ఎండలకు లోపల ఉడికిపోతుందని పక్క తలుపులు తీసి నల్ల గుడ్డలు కట్టేవాళ్ళు. అందుకని సినిమా అంతా మా పెరట్లోకి వచ్చేది. మాటలు గోడ దాటేసరికి ముద్దయిపోయేవట. వాయిద్యాలు మాత్రం చక్కగా దాటి వచ్చేవట. మా జేజి శనక్కాయలు ఒలుస్తూ రోజూ వాటిని వినేది. హాల్లోకి మాత్రం అడుగు పెట్టేది కాదు. ఎప్పుడో ఉజ్జీవ కూటాలని గుడిలో పెద్ద ప్రార్థనలు జరిగినప్పుడు సంఘమంతటి ముందు చెయ్యెత్తి, బతికున్నంత కాలం సినిమా చూడనని మాట ఇచ్చింది. ఇచ్చిన మాట తప్పితే గుడిలో తలెత్తుకోలేనని ఆమె భయం.

నేను ఏ మాటా ఇవ్వలేదు. పక్కింటి అక్క, పొలాలున్న రైతుల ఇంటి కోడలు, సినిమాలంటే పడి చచ్చేది. ఒంటరిగా పోవడానికి బిడియపడి నన్ను మధ్యాహ్నం ఆటకు తోడు తీసుకుపోయింది. పిల్ల కాస్త మరచిపోతుంది లెమ్మని మా అమ్మ ఒప్పుకుంది. నాకు తెర మీద బొమ్మ కనిపించేది. వాయిద్యాలు పెద్దగా మోగినప్పుడు కుర్చీ చేతుల్లో అదురు తెలిసేది. అంతే.

మొదటి రోజు తిరిగి రాగానే జేజి నన్ను శనక్కాయల చేట ముందు కూర్చోబెట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి ఒక బేరం పెట్టింది. "నువ్వు సూసింది నాకు చెప్పు అమ్మీ. నేను విన్నది నీకు చెప్తా. ఇద్దరం కలిస్తే ఒక సినిమా అయితాది."

అలా మొదలైంది మా ఆట. నేను చేతులూ కాళ్ళూ ఆడిస్తూ కథ చెప్పేదాన్ని. జేజి ఆ చోట ఏం మోగిందో నా అరచేతిలో వేళ్ళతో తట్టి, చెవి దగ్గర పాడి వినిపించేది. ఆ మొదటి సినిమాలో గుర్రం పరిగెత్తిన చోట ఫిడేళ్ళు పరిగెత్తాయి. దొంగ మేడ మీది నుంచి పడిన చోట తాళాలు ధన్‌మన్నాయి. పాప తప్పిపోయిన చోట పిల్లనగ్రోవి ఏడ్చింది. మా రెండు కథలూ అచ్చంగా అతుక్కున్నాయి. ఈ సంగీతం మంచిదేనని, బొమ్మ పక్కనే చెయ్యి పట్టుకుని నడిచిందని జేజి మెచ్చుకుంది.

ఆ రోజుల్లోనే ఆమె నాకు ఇంకొకటి చెప్పింది. ఆ వాయించేవాళ్ళు ఇద్దరు ముగ్గురు కాదట, గది నిండా ఉంటారట. మద్రాసులో బొమ్మను ముందు వేసుకుని చూసి, ఎవరెవరు ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ ఊరుకోవాలో ఒకే మనిషి రాస్తాడట. మన గుడిలో నాలుగు వరసలైతే అక్కడ ఎన్నో వరసలు. ఎవరి కాగితంలో వాళ్ళ వరస మాత్రమే ఉంటుంది, రాసినవాడి తలలో మాత్రం అన్నీ ఒకేసారి మోగాలి. ఇది చెప్పేటప్పుడు జేజి చేతులు ఒలవడం ఆపేసేవి. దేవుని గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎలా దిగేదో ఆ రాసే మనిషి గురించి చెప్పేటప్పుడూ అలాగే దిగేది. నాకు ఏదీ సరిగా వినపడని ఆ రోజుల్లో, అన్నీ ఒకేసారి వినే తల ఒకటి ఉంటుందన్న మాట నన్ను నిద్రపోనిచ్చేది కాదు.

రెండో సినిమా దగ్గర మేము పోట్లాడుకున్నాం. అందులో ఒక అన్న, ఒక చెల్లెలు. చెల్లెలి పెండ్లి ఘనంగా జరుగుతుంది. అన్న పందిరంతా తానై తిరుగుతూ, నవ్వుతూ అందరికీ వడ్డిస్తుంటాడు. నేను ఆ పెండ్లిని లేచి నిలబడి మరీ చూపించాను. జేజి ఒప్పుకోలేదు.

"ఆడ పెండ్లేంది మే. పైన మేళం ఉండాది, నిజమే. అడుగున పెద్ద ఫిడేలు ఒకటి ఏడుస్తాంది. ఆ ఇంట్లో ఎవురికో ఏదో అయితాంది."

ఎవరికీ ఏమీ కావడం లేదని నేను. ఏడుస్తోందని ఆమె. చివర్లో ఆ అన్న మంచం మీద చచ్చిపోయిన మాట నిజమే కానీ, అది ఎప్పుడో తర్వాత. పెండ్లి నాడు వాడు దుక్కలా ఉన్నాడు. వాయించినవాళ్ళే తప్పు వాయించి ఉంటారని తేల్చేశాను. జేజికి కోపం వచ్చింది. అంతమంది కూర్చుని వాయించినది తప్పవుతుందా అని నా మీద విసుక్కుంది. మరుసటి ఆటకు మళ్ళీ గోడ దగ్గర చెవి పెట్టి విని వచ్చి, అదే మాట అంది. నేనూ అదే మాట అన్నాను. చివరికి ఆమె నా రెండు చెవులూ తన అరచేతులతో కప్పి, ఇవి బాగైన రోజున ఇద్దరమూ పోయి తేల్చుకుందామంది. సినిమా చూడనని మాట ఇచ్చిన మనిషి ఆ మాట ఎలా అందా అని నేను ఆశ్చర్యపోయాను. ఆ పందెంలో ఆమె ఒడ్డుతున్నది ఏమిటో, ఏ నమ్మకం మీద ఒడ్డుతోందో నాకు అప్పుడు తెలియదు.

దూది తీసే రోజు జమ్మలమడుగుకు నాతో జేజియే వచ్చింది. మా నాయనకు సెలవులయిపోయి బడి తెరిచారు, మా అమ్మకు అంత ధైర్యం లేదు. డాక్టరమ్మ దూది తీసి, శుభ్రం చేసి, చెవి పక్కన చిన్న ఇనుప కడ్డీ మోగించి చూసింది. కుడి పక్కన అది తేనెటీగలా గుయ్యిమంది. ఆ తర్వాత ఆమె జేజిని మూలకు పిలిచి ఏదో చెప్పింది. జేజి నవ్వుతూ తిరిగి వచ్చి, బాగైపోయింది పదమంది. బజార్లో బండ్ల మోత, కాకుల అరుపులు, నా చెప్పుల చప్పుడు అన్నీ మీద పడుతుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

మేము ఇంటికి పోలేదు. ఆ సినిమా ప్రొద్దుటూరులో ఎత్తేశారని, పులివెందులలో ఆడుతోందని పక్కింటి అక్క దగ్గర జేజి ముందే కనుక్కుని పెట్టింది. ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కాం. బస్సులో నేను కిటికీ పక్కన కూర్చుంటే, ఆమె కాసేపు నా ఎడమ పక్కన కూర్చుని ఏదో చెప్పి, నేను పలకకపోయేసరికి లేచి నన్ను జరిపి కుడి పక్కకు వచ్చి కూర్చుంది.

హాల్లో దీపాలు ఆరగానే జేజి పైట కొంగు తల మీది నుంచి ముక్కు దాకా లాక్కుని కళ్ళు మూసుకుంది. నేను తెల్లబోయి చూస్తుంటే నా చెవిలో, "సూడనని మాటిచ్చినా గానీ, విననని యాడ ఇచ్చినా?" అంది. పక్క కుర్చీలో ఆయన అది చూసి, అవ్వా, టికెట్టు కొనుక్కుని నిద్రపోతాండావే అని నవ్వాడు. "నా దుడ్లు, నా నిద్ర. నువ్వు బొమ్మ సూడప్పా," అని జేజి కొంగు కింద నుంచే చెప్పింది.

పెండ్లి వచ్చింది. నాకు ప్రతి ముక్కా తెలిసిన పెండ్లి. అవే తోరణాలు, అదే వడ్డన, అదే అన్న, అదే నవ్వు. మేళం ధాటిగా మోగుతోంది. ముందు నాకు అది ఒక్కటే వినిపించింది, గెలిచాననుకున్నాను. జేజి నా చేతిని పట్టుకుని నొక్కింది. అప్పుడు విన్నాను. మేళానికి ఎంతో కింద, నేలలో నుంచి వస్తున్నట్టు, ఒక లావుపాటి ఫిడేలు ఒకే స్వరాన్ని లాగుతోంది. మేళం దాన్ని పట్టించుకోవడం లేదు, అది మేళాన్ని ఆపడం లేదు. అన్న వంగి ఎవరి ఆకులోనో లడ్డు వేశాడు. వేసి లేచేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం పక్కటెముకల మీద పెట్టుకున్నాడు. అంతకుముందు చూసినప్పుడు ఆ చెయ్యి నా కంటపడలేదు. ఆ ఫిడేలు చూపించాకే కనిపించింది. చెల్లెలికి తెలియనిది, పందిట్లో ఎవరికీ తెలియనిది, ఆ ఫిడేలుకు తెలుసు. మొదటి సినిమాలో సంగీతం బొమ్మ చెప్పిందే మళ్ళీ చెప్పింది. ఇక్కడ బొమ్మ దాచిపెట్టిన దాన్ని సంగీతం దాచలేకపోతోంది. ఆ వయసులో నాకు ఇన్ని మాటలు లేవు కానీ తేడా మాత్రం ఆ కుర్చీలోనే తెలిసింది. అంత పెద్ద సంగతిని నేను అంతకుముందు ఎన్నడూ ఎరగను, ఆ తర్వాత ఇన్నేళ్ళలో కూడా ఒకటి రెండు సార్లే ఎరుగుదును.

ఓడిపోయానని చెబుదామని జేజి వైపు తిరిగాను. ఆమె మూసిన కళ్ళతో ఆ కింది వరసను కూనిరాగం తీస్తూ నవ్వుతోంది. రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆసుపత్రిలో మూల నుంచి వచ్చేటప్పుడు ఆమె నవ్విన నవ్వు గుర్తొచ్చింది. బస్సులో ఎడమ పక్క నుంచి కుడి పక్కకు మారడం గుర్తొచ్చింది. మా నాయన మిఠాయి పొట్లాలు గుర్తొచ్చాయి. మా ఇంట్లో వేసవంతా మోగిన మేళం ఏమిటో నాకు అర్థమైంది.

ఆట విడిచాక బయట అరుగు మీద కూర్చుని, నా ఎడమ చెవి రాదు కదా జేజీ అని అడిగాను. ఆమె తడుముకోలేదు.

"రాదమ్మీ. ఒగటి వచ్చింది, దేవునికి స్తోత్రం చెప్పుకుందాం. ఇంగోటి పాయె, దానికి ఏడుద్దాం. రెండూ ఒకేతూరి చెయ్యొచ్చు, ఇప్పుడే సినిమాలో వింటివి కదా."

ఆ అరుగు మీద మేమిద్దరం రెండూ ఒకేసారి చేశాం.

బాగా చీకటి పడ్డాక ఇల్లు చేరాం. మా అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నన్ను చూడగానే నవ్వుతూ, "ఏమనిరి మే? బాగా వినిపిస్తాందా?" అంది. వేసవి మొదలయ్యాక మా అమ్మ గొంతు సరిగా వినడం నాకు అదే మొదలు. నేను మరచిపోయిన గొంతు అది, ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. ఆ గొంతు కింద పులివెందుల హాల్లో విన్న ఫిడేలే మోగుతోంది. జేజి చెప్పబోతుంటే నేనే చెప్పాను. "ఒగటి వచ్చింది మా. ఇంగోటి రాల్యా. నువ్వు ఇంక నవ్వొద్దులే మా."

మా అమ్మ గుమ్మంలోనే కూలబడి, నన్ను ఒళ్ళోకి లాక్కుని, ఆ వేసవిలో మొదటిసారి ఏడ్చింది. చప్పుడు విని మా నాయన లోపలి నుంచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన ఆ రోజు కోతి మొహం పెట్టలేదు. ఎవరూ నవ్వని ఆ కాసేపు మా ఇల్లు నాకు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఈ సినిమా సంగీతం, ఆ సినిమా సంగీతం వినిపించి ఏది గొప్పదో చెప్పమంటుంది. వందమంది వాయించినవి ఉంటాయి, ఒళ్ళు పులకరించేవి ఉంటాయి. ఒక్క చెవితోనే అన్నీ వింటాను, అది నాకు చాలు. ఏది విన్నా నేను చూసేది ఒకటే. ఇది బొమ్మ పక్కన నడుస్తోందా, బొమ్మ దాచింది దీనికి తెలుసా. మనుషులతోనూ నా తీరు అదే అయిపోయింది. ఎవరైనా మరీ నవ్వుతూ మాట్లాడుతుంటే కుడి చెవి వాళ్ళ వైపు తిప్పి, ఆ నవ్వు అడుగున ఏమైనా ఉందేమోనని కాస్త ఆగుతాను. ఏమీ లేకపోతే నేనూ కలిసి నవ్వుతాను. ఉంటే మాత్రం పక్కన కూర్చుని, మా అమ్మతో అన్న మాటే వాళ్ళతోనూ అంటాను.