ముందరి రోగి అంకె

చిక్కడపల్లి కూరగాయల మార్కెట్ వెనక సందులో, మేడ మీద, విఠల్ కంప్యూటర్ నేర్పేవాడు. అది అంతకుముందు వాళ్ల నాన్న నడిపిన టైపు ఇన్‌స్టిట్యూట్. తొంభై నాలుగులో టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టాడు. చెప్పులు బయట విడిచి రావాలి. మొదటి బ్యాచ్ రాకముందే ప్రతి కంప్యూటర్‌కూ అగరుబత్తి తిప్పేవాడు. ఫీజు కట్టలేని పిల్లలను గంట అయిపోయినా లేపేవాడు కాదు.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులవి. అందుకని అతని పద్ధతి ఒకటే. ప్రోగ్రాము రాయాలి, తప్పులు సున్నా అని తెర మీద పడగానే నడిపి చూసుకోవాలి, లేచి ఇంకొకరికి చోటివ్వాలి. తప్పులు కాకుండా కంప్యూటర్ కొన్ని హెచ్చరికలూ చూపేది. వాటి దగ్గర ఎవరూ ఆగేవారు కాదు.

ఒకసారి సింధూర అనే అమ్మాయి ఆగింది. “సార్, ఈ గడిలో ఏమీ వేయకుండానే వాడుతున్నావని అంటోంది. ఏం చేయమంటారు?”

“తప్పులెన్ని?”

“సున్నా సార్.”

“మరింకేంది? వార్నింగ్ అంటే అత్తగారి సణుగుడమ్మా. ఊ కొట్టాలె, మన పని మనం చేస్కోవాలె. నడిపియ్.”

అందరూ నవ్వారు. నడిపితే సరిగ్గానే నడిచింది కూడా.

వాళ్లు నేర్చుకునే సి అనే కంప్యూటర్ భాషలో ఒక అంకె కోసం గడి తీసుకుని మనం అందులో ఏమీ వేయకపోతే, అది ఖాళీగా ఉండదు. అంతకుముందు ఆ చోట ఏది మిగిలి ఉంటే అదే ఉంటుంది. ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలు ప్రోగ్రామును ఒక్కసారి నడిపి ఆపేసేవారు. అలాంటప్పుడు ఆ గడిలో చాలావరకు సున్నాయే కనిపించేది. అందుకే ఆ సణుగుడు ఎవరికీ పట్టలేదు.

నారాయణగూడలో విద్యాసాగర్ అనే ఆయన రక్తపరీక్షల ల్యాబ్ నడిపేవాడు. రిపోర్టులు అచ్చు వేసే ప్రోగ్రాము విఠల్ చేత రాయించుకున్నాడు. అది రాసినప్పుడూ ఆ హెచ్చరిక వచ్చింది. విఠల్ ఒక్కొక్క రిపోర్టే తీసి చూసుకున్నాడు, బాగానే వచ్చాయి. కానీ ల్యాబ్‌లో ఆ ప్రోగ్రాము పొద్దున పెడితే కొట్టు మూసేదాకా ఆగదు. ఒక రోగి తర్వాత ఒక రోగి.

అశోక్‌నగర్ అనసూయమ్మగారి కొడుకు అవినాష్ విఠల్ దగ్గరే నేర్చుకుని ఉద్యోగంలో చేరాడు. కొడుకు చదువు అయిపోయినా ఆమె రావడం మానలేదు. గుడి నుంచి వెళుతూ, మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కి, పిల్లలందరికీ సరిపడా పులిహోర ఇచ్చి పోయేది. ఆమెకు నీరసంగా ఉంటోందంటే విఠలే ల్యాబ్‌కు పంపాడు.

“మన ప్రోగ్రామే అమ్మా. రిపోర్టు మంచిగ అచ్చయి వస్తది.”

ఆ రోజు తీసిన రక్తం షుగర్ పరీక్షకు చాలలేదు. మళ్లీ తీద్దామని ల్యాబ్ మనిషి కంప్యూటర్‌లో ఆ అంకె కొట్టకుండా వదిలేశాడు. ఆ సంగతి చెప్పకుండానే డ్యూటీ దిగి వెళ్లిపోయాడు. కాగితం మీద మాత్రం అంకె పడింది. అది ఆమెకంటే ముందు వచ్చిన రోగిది. చాలా ఎక్కువ. అది చూసి డాక్టరు మాత్రలు రాశాడు.

“తీపి మానేయమన్నారు విఠలూ,” అని ఆమె నవ్వింది. “ఇక నా వాటా చక్కెరపొంగలి కూడా నువ్వే తినాలి.”

ఏకాదశి వచ్చింది. ఆమె ఎప్పటిలాగే ఒట్టి మంచినీళ్లతో ఉపవాసం ఉంది. డాక్టరు మానవద్దన్నాడని మాత్ర మానలేదు. ద్వాదశి పొద్దున పారణకు అవినాష్ లేపితే లేవలేదు.

ఆసుపత్రి డాక్టరు మండిపడ్డాడు. “రక్తంలో చక్కెర పూర్తిగా పడిపోయింది. ఈమెకు షుగర్ జబ్బే లేదు. ఈ మాత్రలు ఎవరిచ్చారు?” అవినాష్ రిపోర్టు చూపించాడు. కబురు విని వచ్చిన విఠల్ పక్కనుంచి దాన్ని చూశాడు. నేరుగా నారాయణగూడ వెళ్లాడు.

ల్యాబ్‌లో ఉత్తుత్తి పేరుతో ఒక రోగికి పెద్ద అంకె కొట్టాడు. తర్వాతి రోగికి ఏమీ కొట్టలేదు. రెండు కాగితాల మీదా అదే అంకె వచ్చింది.

విఠల్ జరిగింది చెప్పగానే విద్యాసాగర్ తలుపు దగ్గరికి వేశాడు. “కాయితం నాది, ప్రోగ్రాం నీది. ఇద్దరం మునుగుతం. పెద్ద మనిషి, ఉపాసం ఉన్నది, పడ్డది. గట్లనే ఉండనియ్. ఎవలడిగిన్రు నిన్ను?”

“కంప్యూటర్ ముందే చెప్పిందన్నా. నేనే ఇనలే.” విఠల్ ప్రోగ్రాములో ప్రతి రోగికీ ఆ గడిని ముందే తుడిచే ఒక్క వరుస చేర్చి లేచాడు. “గిట్ల అంకె కొట్టకుండ కాయితం పోయినోళ్లు ఇంకెవలున్నరో రిజిస్టరు చూసి పేర్లు, అడ్రసులు ఇయ్యి. ఇయ్యకుంటే ఠాణాకు పోత.”

ఆసుపత్రి వరండాలో అవినాష్‌కు అంతా చెప్పాడు. అవినాష్ గోడ వైపు తిరిగాడు.

“అమ్మ మిమ్మల్ని ఇంట్లో మనిషి అనుకుంది సార్.” అంతే అన్నాడు.

ఆ సాయంత్రం అనసూయమ్మ కళ్లు తెరవకుండానే పోయింది. పాడె దగ్గరికి విఠల్‌ను రానివ్వలేదు. అందరి వెనక, దూరంగా నడిచాడు. సందులోని పాలవాడు సైకిల్ దిగి అతని పక్కనే నడిచాడు.

మర్నాటి నుంచి ఇన్‌స్టిట్యూట్ తెరవలేదు. విద్యాసాగర్ ఇచ్చిన జాబితా పట్టుకుని, రిపోర్టు తప్పని చెప్పడానికి ఇల్లిల్లూ తిరిగాడు. విద్యానగర్‌లో ఒక ఇంట్లో చొక్కా పట్టుకున్నారు. లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఒకాయన విని, తలుపేసుకున్నాడు. అంబర్‌పేట్‌లో మాసమ్మ అనే ముసలామె గుమ్మంలోనే ఆపకుండా లోపల చాప వేసింది.

“మొకం గట్ల పీక్కపోయిందేంది బిడ్డా? జర కూసో, బువ్వ తిను.”

“నాకొద్దమ్మా. నువ్వు తిన్నవా?”

“లే. ఇయ్యాల శనివారం, ఒక్క పొద్దు. షుగర్ గోలీ మాత్రం ఏసుకున్న.” ఆమె గోడ పట్టుకుంది. “పొద్దుగాల సంది కండ్లు తిరుగుతున్నయి.”

విఠల్ పొయ్యి దగ్గర వెతికి చక్కెర డబ్బా తీశాడు. గ్లాసులో కలిపి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

“ఒక్క పొద్దురా,” అని ఆమె మొహం తిప్పుకుంది.

“దేవునికి నేను చెప్పుకుంట. తాగమ్మా.”

ఆమె తాగింది. అతను బయటికి పరిగెత్తి ఆటోను పిలిచాడు.